కళాభిరుచి చూసి కొత్తవారిని పనిలోకి తీసుకోవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన తీరులో చెబుతాను, ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆరుగురు పనిచేసే చిన్న డిజైన్ స్టూడియో మీది. పుస్తకాల అట్టలు, పోస్టర్లు, అప్పుడప్పుడు చిన్న వీడియోలకు సంగీతం చేస్తారు. పాతికేళ్లలోపు వయసున్న ఒకరిని కొత్తగా తీసుకోవాలి. వడపోత తర్వాత నలుగురు మిగిలారు. బల్లకు అటూ ఇటూ కూర్చుని చేసే ఇంటర్వ్యూలో మనిషి తెలియడం లేదు కాబట్టి, వాళ్లను ఒక చిత్రప్రదర్శనకూ ఒక కచేరీకీ తీసుకెళ్లి, అక్కడి మాటలను బట్టి ఎంచుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. చివర్లో ఇంకో వాక్యం కలిపారు: నలుగురిలో ఒకతనికి మీకు ప్రాణమైన సంగీతమే ఇష్టం, మీ మనసు ఇప్పటికే అతని వైపు మొగ్గింది.

ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ముప్పై మందికి పైగా కొత్తవాళ్లను ఎంచుకున్నాను, వాళ్లలో చాలామంది ఇప్పుడు నాకంటే మంచి పని చేస్తున్నారు. ఎంపికలో తప్పిన సందర్భాలను తలచుకుంటే దాదాపు అన్నిటికీ కారణం ఒకటే. ఒక మనిషితో గడిపిన సమయం నాకు హాయిగా అనిపించింది, ఆ హాయిని ఆ మనిషి ప్రతిభకు గుర్తుగా తీసుకున్నాను. కళలంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. మనకు కలిగే ఆనందం ఊరికే కలగదని, అందులో ఒక వివేకం కూడా ఉంటుందని మనం నమ్ముతాం.

ఒకసారి కచేరీ విరామంలో ఒక యువకుడు పరిచయమయ్యాడు. మర్నాడు మా దగ్గరికి ఇంటర్వ్యూకు రావలసినవాడే. విరామం అయిపోయినా మా మాటలు ఆగలేదు. గాయని ఒక స్వరం మీద ఎంతసేపు నిలిచిందో, ఎక్కడ వదిలేసిందో ఇద్దరం ఒకేలా గమనించాం. మర్నాడు అతని పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల సంకలనం, తెరిస్తే ప్రతి పేజీ నాకు నచ్చింది. పరీక్ష పెట్టలేదు. మిగతా ఇద్దరి పోర్ట్‌ఫోలియోలను ఆ మధ్యాహ్నం చెరో పది నిమిషాల్లో ముగించేశాను. ఎనిమిది నెలలు గడిచాక అర్థమైంది, అతను గీసేది నేను గీసేదేనని. అంతే ఖాళీ జాగా, అవే మట్టి రంగులు, అదే సన్నటి అక్షరం. రెండో ఆలోచన చెప్పమంటే నా మొదటి ఆలోచననే కాస్త మార్చి తెచ్చేవాడు. నన్ను కాదనే గొంతు బృందంలో ఒకటి తగ్గిపోయింది. అంతకంటే బాధ కలిగించేది వేరే ఉంది. అతని అసలు బలం కదలికలో ఉంది. బొమ్మ ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో అతనికి సహజంగా తెలుసు. నేను అడగలేదు కాబట్టి అది బయటికి రాలేదు. తర్వాత యానిమేషన్ వైపు వెళ్లి నిలదొక్కుకున్నాడు. మా దగ్గర పోయిన ఎనిమిది నెలలు నావి మాత్రమే కాదు, అతనివి కూడా.

ఇది నా ఒక్కడికే జరిగే విషయం కాదు. చియా జుంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు 2013లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఆమె స్వయంగా పియానో వాయిస్తారు. పేరున్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీల్లో తుది దశకు చేరిన ముగ్గురేసి కళాకారుల వాదనను తీసుకుని, కొందరికి శబ్దం మాత్రం వినిపించారు, కొందరికి శబ్దం లేని వీడియో చూపించారు, మరికొందరికి రెండూ కలిపి ఇచ్చారు. గెలిచింది ఎవరో చెప్పమన్నారు. సంగీతాన్ని అంచనా వేయడానికి శబ్దమే ముఖ్యమని అత్యధికులు అన్నారు. కానీ విన్నవాళ్ల జవాబులు చీటీ తీసి చెప్పినదానికంటే మెరుగ్గా లేవు. శబ్దం లేకుండా చూసినవాళ్లే విజేతలను ఎక్కువసార్లు పట్టుకున్నారు. సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్ల విషయంలోనూ ఫలితం మారలేదు. అంటే అసలు పోటీలో తీర్పు చెప్పినవాళ్లు, చెవితో వింటున్నామనుకుంటూనే, కంటికి కనిపించిన ఆవేశానికి చాలావరకు లొంగిపోయి ఉండాలి. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ గురించి 1996లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఎవరు ఏ రోజు వాయించాలో చీటీల ద్వారానే నిర్ణయిస్తారు, అయినా మొదటి రోజు వాయించినవారికి మంచి స్థానం దక్కే అవకాశం తక్కువగా ఉంటూ వచ్చింది. జీవితమంతా సంగీతంలో గడిపిన నిర్ణేతలకే ఇలా జరిగితే, కచేరీ నుంచి ఇంటికి వెళ్తూ కారులో మనం చేసే నిర్ణయం ఎలా ఉంటుందో ఆలోచించండి.

సంగీతకారులు దీనికి తమ పద్ధతిలో ఒక మందు కనిపెట్టారు. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1952లోనే ఆడిషన్లలో వాయించేవారు నిర్ణేతలకు కనిపించకుండా తెర కట్టింది. తర్వాతి దశాబ్దాల్లో మిగతా పెద్ద ఆర్కెస్ట్రాలు కూడా ఆ దారిలోకి వచ్చాయి. కొన్నిచోట్ల అడుగుల చప్పుడును బట్టి వచ్చింది ఆడా మగా తెలిసిపోతోందని నేల మీద తివాచీ కూడా పరిచారు. 1970లో అమెరికాలోని 5 ప్రధాన ఆర్కెస్ట్రాల్లో మహిళలు 5 శాతంలోపే ఉండేవారు, 1990లు ముగిసేసరికి పావు వంతు దాకా పెరిగారు. ఇందులో తెర వాటా గణనీయమని ఆర్థికవేత్తలు క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ 2000లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఆ వాటా ఎంతన్న దానిపై గణాంకాలు తెలిసినవాళ్ల మధ్య వాదన నడుస్తూనే ఉంది. నాకు ముఖ్యంగా తోచేది అంకె కాదు. జీవితాంతం శ్రుతి తేడాలు పట్టుకుంటూ బతికినవాళ్లు, తమ చెవినే కాపాడుకోవడానికి తెర కావాలని ఒప్పుకున్నారు.

కాబట్టి మొదటి పని, మీ నలుగురి పోర్ట్‌ఫోలియోలను ఇంకోసారి చూడండి. ఈసారి పేర్లు, ఫోటోలు, చదివిన కళాశాలలు తీసేసి నాలుగు అంకెలు వేయమని మీ బృందంలో వాళ్లను ఇంతవరకు కలవని ఒకరికి చెప్పండి. మీరు ఇప్పటికే చూసేశారు కాబట్టి మీకు గుర్తు ఉంటాయి, అందుకే మీకంటే ముందు మరో ఇద్దరు చూసి తమ అభిప్రాయం రాసిపెట్టాలి. వాళ్లది చదివాక మీది రాయకండి, మీది విడిగా రాసి ఆ తర్వాత పోల్చుకోండి. శబ్దం పని చేసినవాళ్లుంటే దాన్ని స్క్రీన్ చూడకుండా వినండి, ఒకసారి మంచి హెడ్‌ఫోన్లతో, ఒకసారి ఫోను స్పీకరులో. రెండు చోట్లా మాట స్పష్టంగా వినిపించేలా కలిపినవాళ్లకు పని తెలుసు.

పేరు తీసేయడం యువతకు ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ మాయా లిన్. వాషింగ్టన్‌లో కట్టబోయే వియత్నాం యుద్ధ స్మారకం కోసం 1981లో జరిగిన పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. నిర్ణేతలకు అంకెలు తప్ప పేర్లు కనిపించలేదు. వాళ్లు ఏకగ్రీవంగా ఎంచుకున్న 1026వ నమూనా, యేల్ విశ్వవిద్యాలయంలో ఇంకా డిగ్రీ చదువుతున్న 21 ఏళ్ల అమ్మాయిదని తర్వాతే తెలిసింది. సాదాసీదా పాస్టెల్ బొమ్మలు, వాటి పక్కన ఆమె రాసిన వివరణ, అంతే. పెద్ద పెద్ద సంస్థలు పంపిన మెరుగుపెట్టిన నమూనాల పక్కన అవి వెలవెలబోయి ఉంటాయి. అయినా నిర్ణేతలు బొమ్మ మెరుపును దాటి ఆలోచనను చదివారు. పోర్ట్‌ఫోలియో చూసేటప్పుడు బొమ్మ కింద రాసిన నాలుగు వాక్యాలను దాటేయకండి. ఏ సమస్యకు ఆ బొమ్మ జవాబో చెప్పగలిగినవారు, అడిగితే ఇంకో జవాబు కూడా ఇవ్వగలరు. ఇప్పుడు అచ్చమైన పూర్తి బొమ్మను కృత్రిమ మేధ నిమిషంలో ఇచ్చేస్తోంది, కాబట్టి చివరి బొమ్మ ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. మధ్యలో వదిలేసిన చిత్తు బొమ్మలు, పొరలు విడివిడిగా ఉన్న ఫైలు చూపించమని అడగండి. కలిసి చేసిన పని అయితే అందులో తన వంతు ఏమిటో అడగండి. నిజంగా చేసినవారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

ఇక పరీక్ష. ఇక్కడే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా అనుభవంలో ఎంపిక నిజంగా జరిగేది ఇక్కడే.

ఆరు వందల ఏళ్ల కిందట ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో కొత్తవాళ్లను పనికి ఎంచుకున్న తీరు నాకు ఇప్పటికీ పాఠ్యపుస్తకంలా అనిపిస్తుంది. అక్కడి బాప్టిస్టరీకి, అంటే జ్ఞానస్నానం ఇచ్చే మందిరానికి, కంచు తలుపులు చేయించాలని 1401లో పోటీ పెట్టారు. తుది దశకు వచ్చిన ఏడుగురికీ ఇచ్చిన అంశం ఒకటే, అబ్రహాం తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం. పలక ఆకారం ఒకటే. ఇచ్చిన కంచు సమానం, గడువు ఒక ఏడాది. ఆ ఏడింటిలో రెండు ఇప్పటికీ బార్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి గిబెర్తిది, ఒకటి బ్రునెలెస్కిది. అప్పటికి ఇద్దరూ పాతికేళ్లలోపు వాళ్లే. బ్రునెలెస్కి పలకలో ఆవేశం ఎక్కువ. కత్తి మెడ దాకా వచ్చేసింది, దేవదూత దూసుకొచ్చి చేయి పట్టుకున్నాడు. చూడగానే గుండె ఝల్లుమంటుంది. గిబెర్తి పలక అంత గట్టిగా అరవదు. కానీ దాని వెనక్కి వెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రునెలెస్కి బొమ్మలను విడివిడిగా పోత పోసి పలక మీద బిగించాడు. గిబెర్తి చాలావరకు ఒకే పోతగా, లోపల బోలుగా పోశాడు. ఇతని పలక దాదాపు 7 కిలోలు తేలిక. ఒక తలుపు కోసం ఇలాంటి పలకలు 28 చేయాలి. తేలిక అయితే ఖర్చు ఎంత తగ్గుతుందో, పని ఎంత గట్టిగా నిలుస్తుందో ఆ డబ్బు పెట్టేవాళ్లకు వెంటనే అర్థమై ఉంటుంది. పని గిబెర్తికి దక్కింది, తలుపులు పూర్తయ్యేసరికి 1424 వచ్చింది. ఇంకో మాట కూడా జీవితచరిత్రకారుడు వసారి రాశాడు. మిగతావాళ్లు తమ పలకలను దాచుకుని పని చేస్తే, గిబెర్తి దారిన పోయేవాళ్లను కూడా పిలిచి చూపించి, వాళ్లు చెప్పింది విని మార్చుకునేవాడట.

పరీక్షకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. అందరికీ ఒకటే అంశం, ఒకటే సామగ్రి, ఒకటే గడువు ఉండాలి. తీర్పులో అందంతో పాటు, అది ఎలా తయారైందో, రేపు ఇరవై ఎనిమిది సార్లు చేయగలరో లేదో కూడా చూడాలి. ఒక తేడా మాత్రం తప్పనిసరి: ఏడాది పని చేయించుకోకండి. మా దగ్గర పరీక్ష నాలుగు గంటలకు మించదు. దానికి డబ్బు ఇస్తాం, ఎంపిక కానివాళ్లకు కూడా. ఆ పనిని ఏ క్లయింటుకూ వాడం, ఆ మాట ముందే కాగితం మీద రాసి ఇస్తాం. కొత్తవాళ్ల చేత ఉచితంగా అసలు పని చేయించుకుని దానికి పరీక్ష అని పేరు పెట్టడం దొంగతనం. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

నాలుగు గంటలను రెండుగా విడగొట్టండి. మొదటి రెండు గంటల తర్వాత అందరి పనీ చూసి ఒక వ్యాఖ్య చేయండి, మిగతా రెండు గంటల్లో దాన్ని బట్టి మార్చమనండి. మీరు మార్కులు వేయాల్సింది రెండో చిత్తుకు. కొన్నేళ్ల కిందట ఒక ఊహాజనిత కచేరీకి పోస్టరు వేయమని ముగ్గురికి ఇచ్చాం. వయొలిన్ కచేరీ, తెల్లవారుజామున మొదలవుతుంది, రెండు రంగులే వాడాలి. మొదటి చిత్తులు చూసి ముగ్గురికీ ఒకే మాట చెప్పాను: "దూరం నుంచి తేదీ కనిపించడం లేదు." ఒకతను తేదీ అక్షరాలను పెద్దవి చేశాడు. రెండో అతను తేదీ అలా చిన్నగా ఎందుకు ఉండాలో చాలా చక్కగా వివరించాడు. మూడో అమ్మాయి చిత్తు అప్పటికి ముగ్గురిలో బలహీనమైనది. ఆమె దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించి, వెనక్కి నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లింది. అక్కడి నుంచి కాసేపు చూసి, నా దగ్గరికి వచ్చి అడిగింది: "చూసేవాళ్లు నిలబడి ఉంటారా అండీ, బండి మీద వెళ్తూ ఉంటారా?"

వెళ్తూ ఉంటారని చెప్పాను. గంటన్నర కష్టపడి గీసిన వయొలిన్ బొమ్మను ఆమె తీసేసింది. కమాను ఒక్కటి మిగిల్చింది, వాలుగా ఒకే గీత. ఆ గీత పైన తేదీని, సూర్యుడు పైకి వస్తున్నట్టు, నిలబెట్టింది. తేదీ ఇప్పుడు పోస్టరులో అన్నిటికంటే పెద్దది, అయినా అరుస్తున్నట్టు లేదు. తీసేసిన బొమ్మ గురించి బాధగా లేదా అని అడిగితే, "ఉంది, దాచుకున్నాను" అంది. ఆమెనే తీసుకున్నాం. మొదటి చిత్తును బట్టి అయితే తీసుకునేవాళ్లం కాదు.

ఇప్పుడు మీ అసలు కోరిక దగ్గరికి వస్తాను. చిత్రప్రదర్శనకు తీసుకెళ్లండి. నేనూ తీసుకెళ్తాను, ఆ పూటలు నాకు చాలా ఇష్టం. అయితే పోర్ట్‌ఫోలియో, పరీక్ష మార్కులు కాగితం మీదికి ఎక్కాకే వెళ్లండి, లేకపోతే ఆ పూట కలిగే ఆనందం వాటన్నిటి మీదా రంగు పూసేస్తుంది. అక్కడ వాళ్లకు ఏ చిత్రం నచ్చిందని అడగకండి. నచ్చినదాని గురించి అందరూ బాగానే మాట్లాడతారు, అది మీకు కూడా నచ్చితే మీరు ఇక ఏమీ వినరు. నచ్చని చిత్రం ఒకటి ఎంచుకోమని, దాని ముందు పది నిమిషాలు నిలబడమని, ఆ తర్వాత వేసినవారు ఏం ప్రయత్నించారో చెప్పమని అడగండి.

పది నిమిషాలు ఎందుకంటే, కన్ను తొందరగా చూస్తుంది కానీ గమనించడానికి చాలా సమయం తీసుకుంటుంది. హార్వర్డ్‌లో కళాచరిత్ర బోధించే జెనిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే చిత్రం ముందు మూడు గంటలు కూర్చోమంటారు. తానూ అలాగే కూర్చున్నారు, జాన్ సింగిల్టన్ కోప్లీ 1765లో వేసిన, ఉడుతను ఆడిస్తున్న కుర్రవాడి చిత్రం ముందు. కుర్రవాడి చెవి ఆకారం, ఉడుత పొట్ట వెంబడి ఉన్న బొచ్చు అంచు ఆకారం ఒకటేనని గమనించడానికి ఆమెకు తొమ్మిది నిమిషాలు పట్టిందట. గొలుసు పట్టుకున్న వేళ్ల మధ్య దూరం, కింద ఉన్న నీళ్ల గ్లాసు వెడల్పుకు సరిగ్గా సమానమని తెలియడానికి ఇరవై ఒక్క నిమిషాలు. చూడటమే వృత్తిగా ఉన్న మనిషికి అంత సమయం పడితే, ఇరవై రెండేళ్ల కుర్రవాడు మొదటి నిమిషంలో చెప్పే అభిప్రాయానికి ఏం విలువ ఇస్తాం?

ఒకసారి ఇలాగే ఒక అభ్యర్థి దాదాపు అంతా బూడిద రంగే ఉన్న పెద్ద చిత్రాన్ని ఎంచుకున్నాడు. మొదట్లో విసుగు మొహంలోనే కనిపించింది. అయిదారు నిమిషాలకు పక్కకు జరిగి, వంగి, ఫ్రేము అంచుల వెంట చూడటం మొదలుపెట్టాడు. తర్వాత ఇలా అన్నాడు: "కింద ఎరుపు వేసి దాని మీద బూడిద రంగు కప్పారు. ఈ కుడి మూల దగ్గర మాత్రం గోరంత ఎరుపు వదిలేశారు. పొరపాటున వదిలారేమో అనుకుని మిగతా మూడు మూలలూ చూశాను, అక్కడ లేదు. అంటే కావాలనే. ఇప్పుడు మొత్తం చిత్రం వెచ్చగా అనిపిస్తోంది. అయినా నాకు నచ్చలేదు." ఈ జవాబులో నాకు కావలసినవన్నీ ఉన్నాయి. గమనించాడు, ఊహించాడు, ఊహను సరిచూసుకున్నాడు, నా మెప్పు కోసం ఇష్టాన్ని మార్చుకోలేదు.

సంగీతానికీ ఇదే దారి. కచేరీ కంటే, నాలుగు నిమిషాల వాద్య సంగీతం ఒకటి తీసుకుని ఒక గదిలో కలిసి రెండుసార్లు వినడం మేలు. మీకు ప్రాణమైనది వద్దు, వాళ్లకు ప్రాణమైనదీ వద్దు. ఇద్దరికీ కొత్తదైతే ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు. మొదటిసారి విన్నాక ఏమీ అడగకండి. రెండోసారి విన్నాక, మొదటిసారి వినిపించనిది ఏం వినిపించిందని అడగండి. రాగం పేరు, తాళం పేరు, వాద్యం పేరు తెలియనక్కర లేదు. ఒక అమ్మాయి "మధ్యలో ఒక చోట అందరూ ఆగిపోయారని మొదటిసారి అనుకున్నాను, కాదు, కింద ఒకటి మోగుతూనే ఉంది, అందుకే మనకు భయం వేయలేదు" అంది. పుస్తకపు అట్ట మీద ఖాళీ జాగా ఎలా నిలబడుతుందో ఆ మాటలో ఉంది. ఆమెకు సంగీతంలో ఏ శిక్షణా లేదు.

పేర్లు తెలియనక్కర లేదని మరోసారి ఎందుకు చెబుతున్నానంటే, మన ముందుకు వచ్చే యువతలో చాలామంది మ్యూజియం గడప తొక్కి ఉండరు. టిక్కెట్టు కొని కచేరీకి వెళ్లే స్తోమత ఇంట్లో ఉండి ఉండదు. కళాకారుల పేర్లు గడగడా చెప్పడం చాలావరకు పెరిగిన ఇంటి నుంచి వచ్చేది, దానికి మార్కులు వేస్తే వాళ్ల తల్లిదండ్రులకు వేసినట్టే. ఎవరికైనా వినికిడిలోనో రంగులు చూడటంలోనో ఇబ్బంది ఉండవచ్చు, నిలబడటం కష్టం కావచ్చు. ముందుగా అడిగి ఏర్పాటు మార్చండి. ఇంకొకటి, మీ చేతిలో ఉద్యోగం ఉంది, వాళ్ల చేతిలో ఏమీ లేదు. రాత్రి కచేరీకి ఒక్కరినే తీసుకెళ్లకండి. పగటి పూట, మీ బృందంలో మరొకరితో కలిసి, నలుగురికీ ఒకే చోటు, ఒకే సమయం ఇచ్చి వెళ్లండి. రాలేనంటే కారణం అడగకండి, అది వాళ్లకు మైనస్ కాకూడదు. మీకు ఎంత సరదా పూట అయినా, వాళ్లకు అది ఒళ్లంతా చెమట పట్టే పూట.

ఇంటర్వ్యూ గురించి ఎక్కువ చెప్పను, మీరు దాన్ని వదిలేయాలనుకున్నారు కాబట్టి వదలొద్దని మాత్రం అంటాను. ఉద్యోగ ఎంపిక పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలను 2022లో సాకెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మళ్లీ లెక్కగట్టినప్పుడు, తర్వాతి పనితీరును ముందే చెప్పగల పద్ధతుల్లో అన్నిటికంటే పైన నిలిచింది క్రమపద్ధతిలో చేసిన ఇంటర్వ్యూయే. అంటే అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస, ప్రతి జవాబుకూ అక్కడికక్కడే మార్కు. మీకు విసుగు తెప్పించింది బహుశా ఇంటర్వ్యూ కాదు, ప్రశ్నలు లేని ఇంటర్వ్యూ. అయిదు ప్రశ్నలు రాసుకోండి. అందులో ఒకటి ఇది ఉండాలి: "మీరు ఇష్టపడి చేసిన పనిని ఎవరైనా కాదన్నప్పుడు ఏం జరిగింది?" జరిగింది చెప్పమనండి, ఏం చేస్తారో అని అడగకండి.

ఇక మీ మనసు మొగ్గిన ఆ అబ్బాయి. అతన్ని వదిలేయమని నేను అనడం లేదు, అభిరుచి కలిసినంత మాత్రాన అతను ఏ తప్పూ చేయలేదు. అతని విషయంలో మీరు తీర్పు చెప్పే కుర్చీ నుంచి లేవండి. పరీక్ష పనికి మార్కులు వేయడం మిగతా ఇద్దరికి అప్పగించండి, మీరు కేవలం ప్రశ్నలు అడగండి. అన్నీ అయ్యాక అతనే ముందుంటే నిశ్చింతగా తీసుకోండి, కచేరీలకు తోడు కూడా దొరికినట్టే. వెనక ఉంటే, ఆ బాధ మీకు ఒక వారం ఉంటుంది. తప్పు ఎంపిక బాధ నాకు ఎనిమిది నెలలు ఉంది. సమానంగా ఉంటే, మీ బృందంలో లేనిది ఎవరి దగ్గర ఉందో చూడండి. మీ ఆరుగురిలో అక్షరాల మీద పట్టు ఉన్నవాళ్లు ఎవరు, శబ్దం తెలిసినవాళ్లు ఎవరు, కదలిక తెలిసినవాళ్లు ఎవరు? ఖాళీ ఎక్కడుందో కాగితం మీద రాసుకుంటే చాలాసార్లు పేరు దానంతట అదే తేలుతుంది.

తీసుకున్నాక మొదటి నెలలోనే ఒక చిన్న పనిని మొత్తంగా వాళ్ల చేతికి ఇవ్వండి. పెద్ద పనిలో పదో వంతు కాదు, చిన్నదైనా మొదలు నుంచి చివరి దాకా వాళ్లదే అయినది. చిత్రకారుడు వెరొకియో తన శిష్యుడు లియొనార్డో డా విన్చీకి ఒక దేవదూతను పూర్తిగా అప్పగించినట్టు. క్రీస్తు జ్ఞానస్నానం పొందే ఆ చిత్రం గురువుది, ఇప్పుడు ఉఫీజీ గ్యాలరీలో ఉంది. ఎడమ అంచున మోకరిల్లిన దేవదూత మాత్రం శిష్యుడు వేశాడు. చిత్రం ముందు నిలబడినవాళ్ల కళ్లు ఇప్పటికీ ఆ అంచు దగ్గరే ఆగుతాయి.

మీరు తీసుకోని ముగ్గురికీ ఫలితం చెప్పే ఉత్తరం మీరే రాయండి. 'మీ దరఖాస్తుకు ధన్యవాదాలు' అనే అచ్చు ఉత్తరం వద్దు. వాళ్ల పరీక్ష పనిలో మీకు కనిపించిన ఒక బలం, మార్చుకోదగిన ఒక విషయం, చెరో వాక్యంలో, ఏ బొమ్మలో ఏ చోట అన్నది పేరు పెట్టి రాయండి. మేము పదిహేనేళ్లుగా అలాగే రాస్తున్నాం. అలా రాయించుకున్న వాళ్లలో ఇద్దరు, రెండో ఏడాది మళ్లీ దరఖాస్తు చేసి, ఇప్పుడు మా దగ్గరే పని చేస్తున్నారు. అందులో ఒకరు ఆ ఉత్తరాన్ని తమ బల్ల ముందు గోడకు అంటించుకుని ఉంచారు.